సేవ్ కాని ఫైలు: నలభై ఏళ్ల వాదన ఎక్కడిదాకా వచ్చింది?

పల్నాడు జిల్లా రెంటచింతల పేరు చెప్పగానే ఎండలు గుర్తొస్తాయి. వేసవిలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. మిర్చి, పత్తి పండించే ఈ మండలంలో కంప్యూటర్ మీద నడిచే పనులు కూడా తక్కువేమీ కావు. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, పొలం అమ్మకపు దస్తావేజులు, కౌలు ఒప్పందాలు, ఎరువుల కొట్టు లెక్కలు, బడి ప్రశ్నపత్రాలు అన్నీ ఏదో ఒక డెస్క్‌టాప్ ప్రోగ్రాంలో తయారై, ఒక ఫైలుగా డిస్కులోకి చేరాల్సినవే. ఆ చివరి మెట్టు మీదే చాలా పనులు కూలబడతాయి. గంటల తరబడి కూర్చున్నాక సేవ్ నొక్కితే ఏదో ఒక ఎర్రర్ వస్తుంది. లేదా ఏ ఎర్రరూ రాదు, మర్నాడు చూస్తే ఫైలు ఉండదు.

ఈ కష్టానికి విరుగుడు అడిగితే నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. గంటకోసారి సేవ్ చేసుకోకపోవడం నీ తప్పంటారు ఒకరు. అసలు సేవ్ బటన్ ఉండటమే తప్పంటారు మరొకరు. ఇంకొకరు విండోస్‌ను నిందిస్తారు. మిగిలినవారు యాంటీవైరస్ తీసేయమంటారు. నాలుగింటిలోనూ కొంత నిజం ఉంది. ఏ నిజం ఏ సందర్భానికి వర్తిస్తుందో విడదీయకపోవడం వల్లే చర్చ చిక్కుపడింది. ఈ వాదన పుట్టుక, ప్రధాన వాదాలు, తెలుగులో పనిచేసేవారికి అదనంగా ఎదురయ్యే చిక్కులు, ఇప్పటికీ తేలనివి ఒకచోట పేర్చడానికే ఈ సమీక్ష.

ఒకే ఫిర్యాదు, మూడు కష్టాలు

"ఫైలు సేవ్ కావట్లేదు" అనే మాట కింద మూడు వేర్వేరు కష్టాలున్నాయి.

మొదటిది, ప్రోగ్రాం సేవ్ చేయనని చెప్పడం. పేరు చెల్లదనో, అనుమతి లేదనో, చోటు చాలదనో, ఫైలును వేరే ప్రోగ్రాం వాడుతోందనో సందేశం వస్తుంది. చూడటానికి కంగారు పుట్టించినా మూడింటిలో ఇదే తేలిక. పని ఇంకా తెర మీద ఉంది, మెమరీలో ఉంది.

రెండోది, సేవ్ అయిందని చెప్పినా ఫైలు దొరకకపోవడం. జిప్ లోపలి ఫైలును బయటికి తీయకుండా అక్కడే తెరిచి మార్పులు చేస్తే, అవి తాత్కాలిక ఫోల్డర్‌లోకి వెళ్లి పోతాయి. ఈమెయిల్‌లో వచ్చిన ఫైలును నేరుగా తెరిచినా అంతే. వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్ అయిన కంప్యూటర్‌లో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లే వేరే దారిలోకి మారిపోతాయి. వెతికేవారు పాత దారిలో వెతుకుతూ ఉంటారు.

మూడోది అన్నిటికన్నా చెడ్డది. ఫైలు సేవ్ అయింది, దొరికింది, తెరిస్తే లోపల సరుకు లేదు. తెలుగు అక్షరాల బదులు ప్రశ్నార్థకాల వరస ఉంటుంది. లేదా ఫైలు పరిమాణం సున్నా బైట్లు ఉంటుంది.

మొదటి రకానికి చెప్పే చిట్కా మూడో రకానికి పనికిరాదు. పైగా హాని చేయవచ్చు. వైద్యం చెప్పేముందు ఇది మూడింటిలో ఏదని అడగనివారి సలహా ఎంత ఆత్మవిశ్వాసంతో చెప్పినా నమ్మదగింది కాదు.

చర్చ నడిచిన దారి

ఫ్లాపీల కాలంలో సేవ్ చేయడం అంటే యంత్రంతో చేసే స్పష్టమైన పని. మెమరీ వేరు, డిస్కు వేరు. వర్డ్‌స్టార్‌లో టైపు చేసినవారు కంట్రోల్-కె నొక్కి తర్వాత ఎస్ నొక్కితే, ఫ్లాపీ డ్రైవ్ చప్పుడే సాక్ష్యం. డాస్‌లో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు. అంతకుమించి వీల్లేదు. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్, 1995లో వచ్చిన విండోస్ 95 పొడవాటి పేర్లకు దారి తెరిచాయి.

తెలుగు పత్రికలు, ప్రెస్సులు కంప్యూటర్‌కు మారింది ఆ రోజుల్లోనే. 1985లో ఆల్డస్ కంపెనీ తెచ్చిన పేజ్‌మేకర్, 1994లో అడోబీ చేతికి వెళ్లాక, మన డీటీపీ కేంద్రాలకు వెన్నెముక అయింది. దానితోపాటు అను, శ్రీలిపి వంటి ఫాంట్ ప్యాకేజీలు వచ్చాయి. 2001లో విడుదలైన పేజ్‌మేకర్ 7.0 తర్వాత మరో వెర్షన్ రాలేదు. అయినా తెలుగు ఊళ్లలో దాని వాడకం ఆగలేదు. ఇరవై ఏళ్ల పాత ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి మరి.

2001లోనే మరో మలుపు. విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంట్‌తో తెలుగుకు యూనికోడ్ మద్దతు తెచ్చింది. అప్పటి నుంచి ఒకే కంప్యూటర్‌లో రెండు తెలుగులు నడుస్తున్నాయి. పాత ఫాంట్ల తెలుగు ఒకటి, యూనికోడ్ తెలుగు ఒకటి. సేవ్ కష్టాల్లో చాలా ఈ రెండింటి సరిహద్దు దగ్గరే పుడతాయి.

2007లో విండోస్ విస్టా, ప్రోగ్రాములు తమ ఇష్టమొచ్చిన చోట రాసుకోకుండా అడ్డుకట్ట వేసింది. 2011లో ఆపిల్ తన మ్యాక్ లయన్‌లో ఆటో సేవ్ తెచ్చింది. 2017లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ క్లౌడ్ ఫైళ్లకు ఆటోసేవ్ ఇచ్చింది. ప్రతి మార్పూ ఒక కష్టాన్ని తగ్గించింది, మరో కొత్త కష్టాన్ని తెచ్చిపెట్టింది.

నాలుగు వాదాలు

*జాగ్రత్త వాదం.* మనిషి అలవాటే మందు అంటుంది ఇది. మాటిమాటికీ కంట్రోల్-ఎస్ నొక్కాలి, రోజూ కాపీ తీసుకోవాలి, మూడు ప్రతులు రెండు రకాల సాధనాల మీద ఉంచి అందులో ఒకటి వేరే చోట పెట్టాలి. మూడు-రెండు-ఒకటి అనే ఈ సూత్రాన్ని ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చాడు. ఈ వాదం బలం దాని సార్వత్రికత. ఏ ప్రోగ్రాంకైనా, ఏ ఊళ్లోనైనా పనికొస్తుంది. దాని లోపం కూడా స్పష్టమే. కంట్రోల్-ఎస్ వందసార్లు నొక్కినా, ప్రోగ్రాం ప్రతిసారీ ప్రశ్నార్థకాలే రాస్తుంటే ఆ అలవాటు కాపాడేది ఏమీ లేదు. పైగా తప్పంతా వాడేవారి నెత్తిన వేసి, తయారుచేసినవారిని వదిలేస్తుంది.

*ప్రోగ్రాం బాధ్యత వాదం.* సేవ్ అనే పనే మనిషికి అప్పగించకూడదంటుంది ఇది. 1995లో అలన్ కూపర్ 'అబౌట్ ఫేస్' పుస్తకంలో, మెమరీ వేరు డిస్కు వేరు అనే యంత్రం లోపలి ఏర్పాటును వాడేవారి మీద రుద్దడం ఎందుకని నిలదీశాడు. 2000లో జెఫ్ రాస్కిన్ 'ది హ్యూమేన్ ఇంటర్‌ఫేస్'లో, మనిషి చేసిన పనికి యంత్రం హాని చేయకూడదు, హాని జరుగుతుంటే చూస్తూ ఊరుకోకూడదు అన్నదాన్ని మొదటి నియమంగా నిలబెట్టాడు. గూగుల్ డాక్స్ ఈ ఆలోచనను కోట్లాది మందికి అలవాటు చేసింది.

నిజానికి మన డీటీపీవారికి ఇది కొత్త కాదు. పేజ్‌మేకర్‌లో ఒక పేజీ నుంచి మరో పేజీకి వెళ్లినప్పుడల్లా ప్రోగ్రాం తనంతట తాను చిన్న సేవ్ చేసుకుంటుంది. షిఫ్ట్ పట్టుకుని ఫైల్ మెనూలో రివర్ట్ ఎంచుకుంటే చివరి చిన్న సేవ్ దగ్గరికి వెనక్కి పోవచ్చు. ఇంత పనికొచ్చే ఏర్పాటును చాలామంది గమనించకపోవడానికి కారణం, అది తన ఉనికిని ఎక్కడా చెప్పుకోకపోవడమే.

ఈ వాదానికి గట్టి అభ్యంతరం మన పనితీరులోనే కనిపిస్తుంది. దస్తావేజు రాసేవారు కొత్త దస్తావేజును తెల్ల పేజీ మీద మొదలుపెట్టరు. పాతది తెరుస్తారు, పేర్లు, సర్వే నంబర్లు, హద్దులు మారుస్తారు, సేవ్ యాజ్ కొట్టి కొత్త పేరు ఇస్తారు. పెళ్లి పత్రికలూ అంతే. ఆటోసేవ్ ఆన్‌లో ఉంటే, కొత్త పేరు ఇచ్చేలోపే పాత దస్తావేజు మీద కొత్తవారి వివరాలు పడిపోతాయి. ఆపిల్‌కు ఇదే అనుభవమైంది. 2011లో సేవ్ యాజ్ తీసేసి దాని స్థానంలో డూప్లికేట్ పెట్టింది. వాడేవారి నిరసన తర్వాత 2012లో మౌంటెన్ లయన్‌లో, ఆప్షన్ కీ పట్టుకుంటే సేవ్ యాజ్ కనిపించేలా వెనక్కి తెచ్చింది. పాత ఫైలును నమూనాగా వాడుకునే అలవాటు ప్రపంచమంతటా ఉందని, ఆటో సేవ్ రూపకర్తలు దాన్ని తక్కువ అంచనా వేశారని ఈ ఘటన తేల్చింది.

*పునాది వాదం.* ప్రోగ్రాం రాసింది నిజంగా డిస్కులోకి చేరిందా లేదా అన్నది ఆపరేటింగ్ సిస్టమ్, ఫైల్ సిస్టమ్, డిస్కు చూసుకోవాల్సిన సంగతి అంటుంది ఇది. 2009లో లినక్స్ లోకంలో ఈ వివాదం బహిరంగమైంది. ఈఎక్స్‌టీ-4 అనే కొత్త ఫైల్ సిస్టమ్ వాడినవారికి, కంప్యూటర్ హఠాత్తుగా ఆగిపోయాక కొన్ని ఫైళ్లు సున్నా బైట్లతో కనిపించాయి. వేగం కోసం ఆ ఫైల్ సిస్టమ్ డిస్కు మీద చోటు కేటాయించడాన్ని వాయిదా వేస్తుంది. దాన్ని నిర్వహించే థియోడర్ సో, డిస్కులోకి చేరేదాకా ఆగమని ప్రోగ్రాములే అడగాలని వాదించారు. అంతకాలం పాత ఫైల్ సిస్టమ్‌తో సాఫీగా నడిచిన ప్రోగ్రాములను ఇప్పుడు తప్పుపట్టడం ఏమిటని ఎదుటివారు నిలదీశారు. చివరికి సో తన వాదన వదలకుండానే, పాత ప్రోగ్రాములు దెబ్బతినకుండా ఫైల్ సిస్టమ్‌లో సవరణ పెట్టారు.

2014లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక్కో ఫైల్ సిస్టమ్ ఇచ్చే హామీ ఒక్కోలా ఉంటుందని, పేరున్న ప్రోగ్రాములు కూడా లేని హామీలను నమ్ముకున్నాయని చూపించారు. 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ బృందం ఇంకా కలవరపరిచే సంగతి కనుగొంది. డిస్కు మీద రాయడం విఫలమైందని లినక్స్ ఒకసారి చెప్పాక, మళ్లీ అడిగితే సఫలమైందని జవాబివ్వగలదు, రాయాల్సింది రాయకపోయినా. అంటే మళ్లీ ప్రయత్నించు అనే సహజమైన సలహా కూడా అన్నివేళలా నమ్మదగింది కాదు.

*కాపలా వాదం.* ఫైలును ఎవరు పడితే వారు మార్చకుండా కాపలా ఉండాలంటుంది ఇది. 2017 మేలో వాన్నాక్రై అనే దొంగ ప్రోగ్రాం ప్రపంచమంతా ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు అడిగినప్పుడు, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ ఏడాది చివరలో విండోస్ 10లో, గుర్తింపు లేని ప్రోగ్రాములు డాక్యుమెంట్స్ వంటి ఫోల్డర్లలో రాయకుండా ఆపే ఏర్పాటు వచ్చింది. అది మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. ఎవరైనా ఆన్ చేస్తే మాత్రం పాత డీటీపీ ప్రోగ్రాం హఠాత్తుగా సేవ్ చేయడం మానేస్తుంది. యాంటీవైరస్ తీసేయమనే సలహా ఇలాంటి చోటే వినిపిస్తుంది. సేవ్ కష్టం నిజంగా తీరుతుంది కూడా. కానీ ఒక్క ప్రోగ్రాంకు అనుమతి ఇస్తే సరిపోయేదానికి మొత్తం కాపలా ఎత్తేయడం, ఒక్క ఫైలు కోసం అన్ని ఫైళ్లనూ పణంగా పెట్టడమే.

తెలుగుకు అదనంగా పడే చిక్కులు

ఈ నాలుగు వాదాల్లో ఏదీ పూర్తిగా పట్టించుకోని పొర ఒకటుంది. అది లిపి.

పాత తరం విండోస్ ప్రోగ్రాములు అక్షరాలను కోడ్ పేజీల ద్వారా చదువుతాయి. రష్యన్‌కు ఒకటి, గ్రీకుకు ఒకటి, థాయికి ఒకటి ఉన్నాయి. తెలుగుకు అలాంటి కోడ్ పేజీ విండోస్‌లో లేదు. తెలుగు యూనికోడ్ ద్వారానే వచ్చింది. కాబట్టి యూనికోడ్ తెలియని పాత ప్రోగ్రాంకు తెలుగు పేరున్న ఫైలు అప్పగిస్తే, ప్రతి తెలుగు గుర్తూ ప్రశ్నార్థకంగా మారుతుంది. ఫైలు పేర్లలో విండోస్ నిషేధించిన గుర్తుల్లో ప్రశ్నార్థకం ఒకటి. దాంతో పేరు చెల్లదనో, ఫైలు లేదనో సందేశం వస్తుంది. తెర మీద పేరు చక్కగా తెలుగులో కనిపిస్తుంటే, ప్రోగ్రాంకు మాత్రం ప్రశ్నార్థకాల వరస కనిపిస్తోందని ఎవరికీ తట్టదు. పాత విండోస్‌లలో తెలుగు పేరున్న ఫైలును జిప్ చేయబోతే, ఇందులో వాడకూడని అక్షరాలున్నాయని తిప్పికొట్టడానికి కారణం కూడా ఇదే.

ఇక పొడవు సంగతి. "రెంటచింతల" అన్న పేరులో అక్షరాలు అయిదే అయినా, యూనికోడ్ లెక్కలో ఎత్వం, గుడి, సున్నాలు కలిపి తొమ్మిది గుర్తులు. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు కావాలి కాబట్టి మొత్తం 27 బైట్లు. "రెంటచింతల మండలం మిర్చి రైతుల జాబితా" అని పేరు పెడితే, విండోస్ దాన్ని 35 యూనిట్లుగా లెక్కిస్తుంది, లినక్స్ 97 బైట్లుగా లెక్కిస్తుంది. రెండింటా పేరు పరిమితి 255 కావడం వల్ల, ఇంగ్లీషులో 255 గుర్తులు పట్టే లినక్స్ పేరులో తెలుగు గుర్తులు 85కు మించి పట్టవు. విండోస్‌లో తయారైన ఫైలు లినక్స్ సర్వర్‌కు కాపీ కాకపోతే ఈ తేడా ఒక కారణం కావచ్చు. విండోస్‌లో మళ్లీ వేరే పరిమితి ఉంది. డ్రైవ్, ఫోల్డర్లు, ఫైలు అన్నీ కలిపిన దారి 260 గుర్తులకు మించకూడదన్నది పాత నియమం. ఎక్సెల్‌కైతే 218. 2016లో విండోస్ 10 ఈ హద్దు ఎత్తేసే వీలిచ్చినా, సిస్టమ్‌లో ఆ సెట్టింగ్ మార్చాలి, ప్రోగ్రాం కూడా దానికి సిద్ధంగా ఉండాలి.

కంటికి కనిపించని గుర్తులు మరో తలనొప్పి. "డాక్స్‌లో" వంటి మాటల్లో అక్షరాలు కలిసిపోకుండా నడుమ ఒక అదృశ్య గుర్తు పెడతాం. అది ఉన్న పేరు, లేని పేరు కంప్యూటర్‌కు రెండు వేర్వేరు ఫైళ్లు. కొన్ని ఫాంట్లలో రెండూ ఒకేలా కనిపించవచ్చు కూడా. వెతికితే ఒకటి దొరికి మరొకటి దొరకదు.

ఊరి పనుల్లో తరచూ ఎదురయ్యే అడ్డంకి మరొకటుంది, అది మన నంబర్లు రాసే పద్ధతి. సర్వే నంబరు 145/2ఎ అని రాస్తాం, తేదీ 12/05/2024 అని రాస్తాం. ఆ ఏటవాలు గీత విండోస్‌కు ఫోల్డర్ విభజన గుర్తు, ఫైలు పేరులో వాడరాదు. దస్తావేజుకు సర్వే నంబరు పేరుగా పెట్టబోయినవారికి వచ్చే ఎర్రర్ ఇదే. గీత బదులు అడ్డగీత, అంటే 145-2ఎ, వాడితే తీరిపోతుంది.

పేరు దాటి లోపలి సరుకు దగ్గరికొస్తే, నోట్‌ప్యాడ్‌లో తెలుగు రాసి ఆన్సీ అనే పాత కోడ్ పేజీ పద్ధతిలో సేవ్ చేస్తే అక్షరాలు పోతాయి. 2019లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి నోట్‌ప్యాడ్ మామూలుగానే యూటీఎఫ్-8 వాడుతోంది. ఎక్సెల్ జాబితాను మామూలు సీఎస్‌వీగా సేవ్ చేసినా రైతుల పేర్లు ప్రశ్నార్థకాలవుతాయి. సీఎస్‌వీ యూటీఎఫ్-8 అనే వేరే ఎంపిక ఎంచుకోవాలి. అను ఫాంట్లలో రాసింది ఇంకో తీరు. ఫైలు బ్రహ్మాండంగా సేవ్ అవుతుంది, కానీ ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెలుగు బదులు పొంతన లేని ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి. అది సేవ్ దోషం కాదు. ఫైలు పాడైందని చెరిపేసేవారు మాత్రం ఉన్నారు.

ఎండ, కరెంటు, పెన్‌డ్రైవ్

సాఫ్ట్‌వేర్ చర్చల్లో ఊరి వాతావరణానికి చోటు దక్కదు. రెంటచింతల వంటి చోట అది పెద్ద లోపం. కరెంటు పోయినప్పుడు సేవ్ చేసుకునే వ్యవధి ఇచ్చేది యూపీఎస్. అందులో ఉండే సీసపు బ్యాటరీ ఆయుష్షును 25 డిగ్రీల వేడికి లెక్కగట్టి చెబుతారు. వేడి దాదాపు 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆ ఆయుష్షు సగమవుతుందన్నది ఆ రంగంలో అందరూ వాడే లెక్క. ఏసీ లేని రేకుల కొట్లో పెట్టిన యూపీఎస్ పెట్టె మీద రాసిన ఏళ్లు నిలవదు. పది నిమిషాలు ఆగాల్సింది పది సెకన్లకే చేతులెత్తేస్తుంది. వర్డ్ ఆటో రికవరీ మామూలుగా పది నిమిషాలకోసారి జరుగుతుంది. వేసవి ముందు దాన్ని రెండు నిమిషాలకు తగ్గించుకోవడం, యూపీఎస్ ఎంతసేపు ఆగుతోందో పరీక్షించుకోవడం, ఈ ప్రాంతంలో ఏ సాఫ్ట్‌వేర్ చిట్కాకన్నా ఎక్కువ పని కాపాడతాయి.

పెన్‌డ్రైవ్ సంగతి వేరే. పెళ్లి వీడియో కాపీ చేస్తుంటే చోటు బోలెడు ఉన్నా ఫైలు మరీ పెద్దదని సందేశం వస్తే, ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్-32 పద్ధతిలో ఉందన్నమాట. అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. ఎక్స్‌ఫ్యాట్‌కు మారిస్తే సరి, అయితే ఫార్మాట్ చేసేముందు లోపలున్నవి బయటికి తీసుకోవాలి. చవక పెన్‌డ్రైవ్‌లలో నకిలీవి కూడా ఉంటాయి. పైన రాసిన సామర్థ్యం ఒకటి, లోపల ఉన్నది వేరు. నిండాక కూడా ఏ ఎర్రరూ లేకుండా రాసినట్టే నటిస్తాయి. కొన్న రోజే హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ వంటి ఉచిత సాధనంతో నింపి చూడటమే దీనికి మందు.

వర్డ్ సేవ్ చేసే పద్ధతి కూడా ఇక్కడ తెలుసుకోవాలి. అది పాత ఫైలు మీద నేరుగా రాయదు. ముందు తాత్కాలిక పేరుతో కొత్త ఫైలు రాస్తుంది, పాతది తొలగిస్తుంది, కొత్తదానికి పాత పేరు పెడుతుంది. మధ్యలో కరెంటు పోయినా ఏదో ఒక ప్రతి మిగలాలన్నది ఉద్దేశం. ఇందుకు రెండు ప్రతులకూ చోటు కావాలి, ఆ ఫోల్డర్‌లో ఫైళ్లు తొలగించే అనుమతి కూడా కావాలి. నిండిపోయిన పెన్‌డ్రైవ్ మీద చిన్న మార్పు కూడా సేవ్ కాకపోవడానికి, ఆఫీసు నెట్‌వర్క్ ఫోల్డర్‌లో కొత్త ఫైలు పెట్టగలిగినా పాతది సేవ్ చేయలేకపోవడానికి ఇదే మూలం.

నాలుగు వాదాలు పక్కపక్కన

- జాగ్రత్త వాదం: కరెంటు పోవడం, డిస్కు పాడవడం వంటి ప్రమాదాలకు బాగా పనిచేస్తుంది. తప్పుగా సేవ్ అయ్యే ఫైళ్ల విషయంలో నిస్సహాయం.
- ప్రోగ్రాం బాధ్యత వాదం: మరపు వల్ల పోయే పనిని కాపాడుతుంది. పాత ఫైలును నమూనాగా వాడేవారికి ప్రమాదం.
- పునాది వాదం: సున్నా బైట్ల ఫైళ్ల మూలాన్ని వివరిస్తుంది. వాడేవారి చేతిలో ఉన్న మార్గాలు తక్కువ.
- కాపలా వాదం: దొంగ ప్రోగ్రాముల నుంచి రక్షణ. పాత ప్రోగ్రాములకు మాత్రం కారణం తెలియని అడ్డంకి.

మొత్తమ్మీద, ఎర్రర్ చూపించే మొదటి రకం కష్టానికి కాపలా, లిపి అంశాలు ఎక్కువగా కారణం. దొరకని ఫైలుకు ప్రోగ్రాం రూపకల్పన కారణం. ఖాళీ ఫైలుకు పునాది, లిపి, పరికరం కారణం.

ఏకాభిప్రాయం ఉన్న వరుస

వాదాలు ఎన్ని ఉన్నా, అనుభవజ్ఞులు దాదాపు అందరూ ఒప్పుకునే క్రమం ఇది.

1. విండో మూయకూడదు, కంప్యూటర్ రీస్టార్ట్ చేయకూడదు. పని మెమరీలో ఉన్నంతసేపే దారులున్నాయి.
2. ఎర్రర్ సందేశాన్ని ఫోన్‌తో ఫోటో తీసుకోవాలి. "ఏదో ఎర్రర్ వచ్చింది" అంటే ఎవరూ సాయం చేయలేరు.
3. సేవ్ యాజ్ కొట్టి, చిన్న ఇంగ్లీషు పేరుతో, వేరే డ్రైవ్‌లో సేవ్ చేయాలి. అక్కడ అయితే కష్టం పేరుదో చోటుదో అని తేలినట్టే. కాకపోతే ప్రోగ్రాంనో డిస్కునో అనుమానించాలి.
4. అదీ కాకపోతే మొత్తం ఎంచుకుని కాపీ చేసి మరో ప్రోగ్రాంలో అతికించాలి, లేదా పీడీఎఫ్‌గా ప్రింట్ చేయాలి. సరుకు చేతికొచ్చాకే కారణం వెతకాలి.
5. తర్వాత ఒక్కొక్కటే చూడాలి. డిస్కులో చోటు, ఫైలు మరోచోట తెరిచి ఉందా, ఎక్స్‌ప్లోరర్ ప్రివ్యూ దాన్ని పట్టుకుని ఉందా, రీడ్ ఓన్లీ గుర్తు, యాంటీవైరస్ అడ్డుకున్న జాబితా. ఒకేసారి నాలుగు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.
6. సేవ్ అయ్యాక ఆ ప్రతిని మూసి మళ్లీ తెరిచి చూడాలి. పేజ్‌మేకర్ ఫైలైతే బొమ్మలు వేరే ఫైళ్లుగా ఉంటాయి కాబట్టి, సేవ్ యాజ్‌లో లింకు ఫైళ్లన్నీ కాపీ చేసే ఎంపికను వాడి, మరో కంప్యూటర్‌లో తెరిచి చూడటం మంచిది.
7. డిస్కే పాడవుతోందన్న అనుమానం ఉంటే దాని మీద ఇంకేమీ రాయకూడదు. మరమ్మతు సాధనాలకన్నా ముందు, ఉన్నదంతా వేరే డిస్కులోకి కాపీ చేయాలి.

ఇంకా తేలనివి

మొదటిది, ఆటోసేవ్ మామూలుగా ఆన్‌లో ఉండాలా? మరచిపోయేవారి పని నిలవాలంటే ఉండాలి. పాత దస్తావేజు నిలవాలంటే ఉండకూడదు. ప్రతి మార్పుకూ పాత ప్రతిని దాచే వెర్షన్ పద్ధతి రెండు పక్షాలనూ కలపగలదు. ఆ పద్ధతి ఎక్కువగా క్లౌడ్‌లో ఉన్న ఫైళ్లకే సులువుగా దక్కుతోంది.

రెండోది, ఫైలు ఎక్కడుండాలి? కొత్త వర్డ్ పత్రాలు నేరుగా క్లౌడ్‌లోకి వెళ్లేలా మైక్రోసాఫ్ట్ 2025లో అడుగులు వేసింది. డిస్కు పాడైనా ఫైలు మిగలడం దీని లాభం. ఉచితంగా వచ్చే 5 జీబీ వన్‌డ్రైవ్ నిండిపోవడం, నెట్ లేనప్పుడు ఏ ప్రతి కొత్తదో తెలియకపోవడం దీని నష్టాలు. ఇతరుల భూముల పత్రాలు రాసేవారికి గోప్యత ప్రశ్న కూడా ఉంది.

మూడోది, పాత తెలుగు ఫైళ్ల భవిష్యత్తు. అప్‌డేట్లు ఆగిపోయిన పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని ఫాంట్లలో, పాతికేళ్ల తెలుగు ముద్రణ అంతా నిలిచిపోయింది. అన్నీ యూనికోడ్‌లోకి మార్చాలని కొందరు, అందమైన అక్షరాలు, అలవాటైన కీబోర్డు వదలలేమని కొందరు. మార్పిడి సాధనాలున్నా ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి, మనిషి దిద్దాల్సిందే. ఆ శ్రమకు ఎవరు డబ్బు పెట్టాలన్న ప్రశ్నకు జవాబు లేదు.

నాలుగోది, తెలుగు పేర్లు మానుకుని ఇంగ్లీషు పేర్లే పెట్టమనే సలహా. అత్యవసరంలో అది సరైనదే, పై వరుసలోనూ ఉంది. శాశ్వత నియమంగా మాత్రం అన్యాయం. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా తన భాషలో ఫైలుకు పేరు పెట్టుకున్నందుకు ఒకరి పని పోతే, ఆ తప్పు ప్రోగ్రాం తయారుచేసినవారిది. ప్రభుత్వ కార్యాలయాలకు, బడులకు సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు పొడవాటి తెలుగు పేరుతో, తెలుగు ఫోల్డర్‌లో, సేవ్ చేసి మళ్లీ తెరిచి చూడటాన్ని ఒక షరతుగా పెట్టడం కష్టమైన పనేమీ కాదు.

తూచి చూస్తే

నలభై ఏళ్ల చర్చ తర్వాత ఒకటి మాత్రం గట్టిగా చెప్పవచ్చు. సేవ్ కాకపోవడం కన్నా, కానిదాన్ని అయిందని చెప్పడం పెద్ద నేరం. ఈఎక్స్‌టీ-4 వివాదంలోనైనా, పోస్ట్‌గ్రెస్ కనుగొన్నదాంట్లోనైనా, నకిలీ పెన్‌డ్రైవ్‌లోనైనా, తెలుగును ప్రశ్నార్థకాలు చేసి ఊరుకున్న ప్రోగ్రాంలోనైనా, వాడేవారికి జరిగిన నష్టానికి మూలం యంత్రం నిజం చెప్పకపోవడమే. ఆటోసేవ్ ఉండాలా వద్దా, క్లౌడా డిస్కా అన్నవాటి మీద ఎవరి పనిని బట్టి వారు నిర్ణయించుకోవచ్చు. ఏమి రాశాను, ఎక్కడ రాశాను, ఏది రాయలేకపోయాను, ఎందుకు అన్న నాలుగింటికీ ప్రోగ్రాం సూటిగా జవాబివ్వాలన్న విషయంలో మాత్రం రాజీ ఉండకూడదు. ఆ జవాబు వచ్చేదాకా సేవ్ అయిన ప్రతిని మూసి, మళ్లీ తెరిచి, కళ్లారా చూసుకోవడమే రెంటచింతలలో పెళ్లి పత్రిక చేసేవారికైనా, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ రాసేవారికైనా మిగిలిన ఒకే భరోసా.